మఱునాఁటి పులుసు

వాసంశెట్టి వీరభద్రము నా భార్యకుఁ దమ్ముఁడు. వానిపేరు మొదటనే వ్రాయుచున్నాను. కడపట వ్రాసినచో నంతవఱకుఁ జదువరులు వానిని మంచివాఁడనుకొనుట కవకాశము కలుగును. వాఁడు నాపైఁ గత్తి యెత్తలేదు. దొంగసంతకము చేయలేదు. ఒక చెక్కపలకమీఁద నొక్క వాక్యము వ్రాయించెను. పిదప నోరు మూసికొనెను. అంతమాత్రమునకే నా కొంప మునిగినది.

మార్గశిరమాసమున నీశాన్యపు గాలితోఁ గూడి వచ్చిన కాఱుమబ్బులు సింగపూరు మహానగరపు సౌధశిఖరముల నొరసికొనుచు దిగివచ్చి లిటిల్ ఇండియా యను పేటలోని సందుగొందుల నేకధారగాఁ దడుపుచుండు నాదివారపు సాయంకాలములందు వారమంతయు నుక్కుచువ్వలు వంచి సిమెంటు మోసి నౌకల యుదరములలోఁ దుప్పు గోఁకి యలసిన వేలకొలఁది పరదేశ శ్రమజీవులు లారీలు దిగి గొడుగులు లేక తలలపైఁ బ్లాస్టిక్కు సంచులు కప్పుకొని యా వీథులలో నిండుదురు. కొందఱు గోదావరివారు. కొందఱు శ్రీకాకుళమువారు. కొందఱు బంగ్లాదేశమువారు. భాష లేవైనను ప్రతివాఁడు నెదుటివాని నడుగు ప్రశ్న యొక్కటియే: ఈ పేటలో మంచి కూర యెక్కడ దొరకును?

ఒకప్పుడా ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము సులభము. బిరియానీ కావలసినవాఁడు పెద్దవీథికిఁ బోవును. అరఁటాకులో సాంబారన్నము కావలసినవాఁడు తమిళుల మెస్సునకుఁ బోవును. చేపకూర కావలసినవాఁడు మాత్రము వెనుకసందులో నొక చెక్కగోడచే రెండుగాఁ జీలియున్న దుకాణమునకు వచ్చును. అందు నెడమసగము బంగ్లాదేశమునఁ జాందుపురపు కుద్దూసు మియాది. కుడిసగము నాది. అయిదవ తరగతితో బడి మాని యిరువదేండ్లు పరాయి గడ్డపై నినుము మోసిన నేను ముక్తేశ్వరము దాపున నున్న నా తండ్రినాఁటి కొబ్బరితోఁట నమ్మి యా సగమును నిలఁబెట్టుకొంటిని. వంట నాది. ఇంగ్లీషు వీరభద్రమునిది. వాఁడు పదియవ తరగతి నెగ్గినవాఁడు.

ఇలిశ యని కుద్దూసు పిలుచునదియుఁ బులస యని నేను పిలుచునదియు నొక్కటే చేప. పద్మానది కెదురీఁదినచో నది వానిది. గోదావరి యెఱ్ఱనీటి కెదురీఁదినచో నాది. మంచుగడ్డలలోఁ గప్పఁబడి వాని దేశమునుండి యొకే పెట్టెలో దిగిన యా చేపలను మేమిద్దఱము పంచుకొనెడివారము. వండుటలో మాత్రము మాకు భూమ్యాకాశములంత భేదము. కుద్దూసు చేపను నిండుగాఁ గడిగి కోసిన పిదప నీటిచుక్క తగులనీయఁడు. ఆవముద్దయుఁ బచ్చిమిరపకాయలును నావనూనెయుఁ బట్టించి గిన్నె మూసి యావిరిపై నుడికించి పొగ చల్లాఱకముందే యన్నముపై వడ్డించును. నేనో ముక్కలకు నుప్పును బసుపును రాచి యేడు నీళ్ళు మార్చి కడిగి లుంగీలోఁ జుట్టి యింటినుండి తెచ్చుకొన్న మట్టికుండలోఁ జింతపండు రసమును బెండకాయలును జేర్చి సన్నని సెగపై మరగించి యావకాయ నూనె తేర్చి మూఁతవేసి చల్లాఱు పొయ్యిమీఁదనే తెల్లవార్లు నుంచెడివాఁడను. శనివారము వండినది యాదివారమునఁ గాని గరిటె యెఱుఁగదు. వండిననాఁడే పులసను దినువాఁడు చేపను దినును గాని పులుసును దినఁడని మా యమ్మ చెప్పెడిది.

నేను ముక్కలు కడుగునప్పుడెల్లఁ గుద్దూసు చెక్కగోడ సందునుండి చూచి తల కొట్టుకొనెడివాఁడు. మావారికిఁ బదేండ్లు వడ్డించి నేర్చిన తెలుఁగుతో నొకనాఁడనెను.

"కోసినాక కడిగితే అది చేపా సోమన్న భాయ్? నూనంతా కాలవలో పోసి ఇంకేం వండుతావు, దాని చొక్కానా?"

"ముల్లు మెత్తబడేదాకా ఆగలేనోడికి చేపెందుకు మియ్యా?" అంటిని.

ఇట్లు తిట్టుకొనుచునే శనివారము వాని గిన్నె నాకును నాదివారము నా గిన్నె వానికిని దప్పక చేరెడివి. ఏ గిన్నెయు మెతుకుతోఁ దిరిగిరాలేదు. కార్మికుల బసలలో నిది నానుడి యయ్యెను: శనివారము మియా దగ్గఱ, ఆదివారము సోమన్న దగ్గఱ.

వీరభద్రమున కీ పొత్తు గిట్టలేదు. ఆఫీసులవారు రావలెనని వాని కోరిక. అంతలోఁ బెద్దవీథిలో నెవఁడో వండిననాఁడే పులస వడ్డించి గోదావరి పేరు చెప్పుకొనుచున్నాఁడని తెలిసి నా కడుపు మండినది. మన పులుసు నిన్నటిదని తెలుఁగువారికిఁ దెలియునట్లు పలక వ్రాయింపుమని చెప్పితిని. చెప్పలేదనను. తెలుఁగువారికనియే చెప్పితిని. వాఁడు వ్రాయించి తెచ్చిన పలకపైఁ దెలుఁగు సన్నముగా నొక వరుస యుండెను. దానిక్రింద నెఱ్ఱని యింగ్లీషక్షరములు జానెడెత్తున నుండెను. అదేమని యడిగితిని.

"అదే బావా. మన గొప్పేంటో అదే రాయించాను. ఊరంతటికీ తెలియాలి గదా," అనెను.

మేకు నేనే కొట్టితిని.

తొమ్మిదవనాఁడు, ఆదివారమున, భోజనశాలలఁ దనిఖీ చేయు నధికారిణి యొకర్తు వచ్చెను. చీనావనిత. మిక్కిలి మర్యాదస్థురాలు. పలకయెదుటఁ గొంతతడవు నిలిచి ఫోటో తీసికొని లోనికి వచ్చి కుండ మూఁత తీయించి యందు థర్మామీటరు ముంచి వీరభద్రముతో నేదియో యడిగెను.

"ఎప్పుడు వండావంటోంది బావా," అనెను వాఁడు.

కన్యాదానమునఁ బెండ్లికూఁతును జూపు తండ్రివలె నేను ఱొమ్ము విఱిచి "నిన్న సాయంత్రమని చెప్పు. పొయ్యిమీంచి కదల్చలేదని కూడా చెప్పు," అంటిని.

వాఁడు చెప్పెను. ఆమె నా ముఖమువంకఁ జూచినది. ఆ చూపులోఁ గోపము లేదు. జాలి యుండెను. వీరభద్రముతో మాటలాడుచు రెండు పర్యాయములు వ్రేలితోఁ బలకను జూపెను. పిమ్మటఁ గుండెఁడు పులుసును నల్లని సంచిలోనికి వంపించి తలుపునకుఁ గాగితమంటించి పోయెను. దుకాణపు మూఁత పదునాలుగు దినములే. కాని యింటి యజమాని వెఱచి మా యద్దెపత్రమును రద్దుచేసెను. అమ్మిన తోఁట యా పొయ్యిలలోఁ గుర్చీలలో ముందిచ్చిన యద్దెలోఁ గలసిపోయెను.

ఆమె యేమన్నదని యడిగితిని. ఎవరో ఫిర్యాదు చేసిరన్నదని వీరభద్రము చెప్పెను. ఎవరని యడిగితిని.

"ఇంకెవరు చేస్తారు బావా? పక్కనోడే."

తినుచున్న పదుగురి యెదుటను గుద్దూసు గుమ్మములో నిలిచి "నా గిన్నెలో తిని నా గిన్నెలోనే ఉమ్మావు గదా మియ్యా," అంటిని. వాఁడు రెండు చేతులకు నావముద్దతో నట్లే నిలిచెను. వాని గిన్నె వాని గడపమీఁదఁ బెట్టి వచ్చితిని. నెల తిరుగకముందే వీరభద్రమొక కంపెనీలో సూపర్వైజరై చలువచొక్కా తొడిగెను. నేను మరల నినుము వంచఁబోతిని.

పదునాలుగు నెలలు గడచినవి. మొదట వర్ణించినట్టి వానలోనే యొక యాదివారమున మాతోఁ బనిచేయుటకుఁ గ్రొత్తగా వచ్చిన యెడ్ల సత్తిరాజను నతఁడు మంచి కూర యెక్కడనని న న్నడిగెను. తమిళుల మెస్సునకుఁ దీసికొని పోవుటకు దగ్గఱదారియని యా వెనుకసందున నడచితిని. వాననీరు లోనికి రాకుండఁ గుద్దూసు తన గుమ్మమున కడ్డముగా నొక పలకను నిలిపియుండెను. సత్తిరాజు దానిని వంగి చదివి ఫక్కున నవ్వెను.

"సోమన్నగారూ, ఇదెవడు రాయించాడండి? నిన్నటి చేపల కూర ఇక్కడ అమ్మబడును అనుందండి ఇంగ్లీషులో. ఆయ్, పిలిచి మరీ పట్టిచ్చుకున్నట్టుందండి."

నా కంటికి ముందుగా నగపడినవి నేను కొట్టిన మేకు రంధ్రములు. పిదప నాఁటి యధికారిణి వ్రేలు కనఁబడినది. ఆ వ్రేలు రెండుసార్లు చూపినది దేనినో యింగ్లీషు వచ్చినవానికిఁ దెలిసియుండెను. తెలిసియే వాఁడు ప్రక్కవానివైపు నా ముఖము త్రిప్పెను.

పలక దాఁటి లోనికిఁ బోయితిని. కుద్దూసు నన్నుఁ జూచి గరిటె దింపెను. ఇది నీకు ముందే తెలియునా యని యడిగితిని. పలక గట్టిననాఁడే తెలిసినదనియు వీరభద్రముతోఁ జెప్పఁగా నీ పని నీవు చూచుకొమ్మనెననియుఁ జెప్పెను. నేను తిట్టిననాఁడైన నాతో నేల చెప్పలేదంటిని.

"బామ్మర్ది మాటా పక్కషాపోడి మాటా తూకమేస్తే ఏది బరువో నాకు తెలీదా భాయ్?"

వాఁడు మూలనున్న ఫ్రిజ్జు తెఱచి యొక గిన్నె తీసి వేఁడిచేసి నా ముందుంచెను. పులుసు. నిన్నటిది. ఆ యధికారిణి వాని దుకాణమునకు వచ్చినప్పుడు నిన్నటి కూర నే తీరున నుంచినఁ దప్పుగాదో వాఁడు రాని యింగ్లీషులోనే యడిగెనఁట. త్వరగాఁ జల్లార్చి ఫ్రిజ్జులో నుంచి మరల మరగించి వడ్డింపుమని యామె చెప్పెనఁట. అంతియే. ఆ యొక్క ప్రశ్న మా కుడిసగమున నెవ్వఁడు నడుగలేదు. అడుగఁగలవాఁడొక్కఁడే యుండెను.

తింటిని. ముల్లు మెత్తఁబడెను. ఉప్పు చాలినది. అయినను నేదో కొఱఁత తోఁచి "ఏడుసార్లు కడిగావా?" అంటిని.

"ఆరుసార్లు కడిగాను భాయ్. ఏడోసారికి మనసొప్పలేదు."

నాఁటినుండి శనివారము పని ముగిసిన పిదప నా వంటయింటికిఁ బోయి యేడవ నీరు నేను మార్చుచున్నాను. కూలి పుచ్చుకొనను. గిన్నె మాత్రము పుచ్చుకొందును.

క్షమ గొప్పదని పెద్దలందురు. అదియు మఱునాఁటి పులుసువంటిదే కాఁబోలు, నిలువయుండినఁ గాని రుచికి రాదు. వీరభద్రమునిపట్ల నా కుండలో ముల్లింకను గట్టిగనే యున్నది. ఆ పేటలో మంచి కూర యెక్కడనని యడిగినవారికి మాత్రము తప్పుదారి చూపను. వెనుకసందున నెడమగుమ్మము చూపి యడ్డుపలక దాఁటి లోనికిఁ బొమ్మందును. అందఱును దాఁటిపోదురు. ఆ పలక వెల యెంతయని యిప్పటికి నెవ్వఁడు నడుగలేదు. ఎనుబదిమూఁడు సెంట్ల నేల, ఏబదియేడు కాపు కొబ్బరిచెట్లు.