వీరుడి కోటుకు చారలు కలిసిన వైనం

మూడు సామ్రాజ్యాలను కూల్చి, ఏడు తలల మృగాన్ని మట్టి కరిపించి, కంప్యూటర్ తెరపై విజయగర్వంతో నిలుచున్న ఆ మహావీరుణ్ణి చూసి దర్జీ అత్త పలికిన తొలి పలుకు ఇది:

"ఈ కోటు ఎవడు కుట్టాడే? జేబు దగ్గర చారలు కలవలేదు!"

ఆట ఆడుతున్న మేనకోడలు పకపకా నవ్వింది. "నచ్చకపోతే నువ్వే మార్చుకో అత్తా. దాన్నే మాడ్ అంటారు. ఆట వాళ్లదే, అందులో మనకి నచ్చని ముక్కని మనం మార్చుకుంటాం."

"ఐదింటికల్లా ఇస్తా."

మాట జారింది. ముప్పై ఏళ్లుగా ఆ నోట వెలువడిన గడువు ఒక్కటీ తప్పలేదు. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి గాని, ఆమె కుట్టిన పెళ్లిబట్టలు ఏనాడూ పడలేదు. అంతటి కీర్తీ ఇప్పుడు, మౌసును సుద్దముక్కలా పట్టుకున్న రెండు వేళ్ల మీద నిలిచింది. గడియారం రెండు కొట్టింది.

"ముందు అసలు ఫైలుకి నకలు తీసి పక్కన పెట్టు," అంది మేనకోడలు, గురుపీఠం అధిష్ఠించి.

"గుడ్డకి ముందు కాగితం కోసేదాన్ని. నాకా చెప్తావు?"

"సరే మహాతల్లీ. ఇప్పుడు ఒక్క గుండీ రంగు మార్చు. అది ఆటలో కనబడితే దారి దొరికినట్టే."

గుండీ ఎర్రబడింది, అత్త ముఖం వెలిగింది. ఆపైన కోటు బొమ్మ ఉన్న ఫైలు తెరిచారు. ఛాతీ ఒకచోట, వీపు ఒకచోట, చేతులు మరోచోట, అన్నీ చదునుగా పరిచి ఉన్నాయి.

"ఇక్కడే అందరూ బెదిరిపోతారు అత్తా."

"బెదరడానికేముంది? కత్తిరించి పరిచిన కోటేగా!"

రెండు గంటలపాటు ఆమె చారలు గీసింది. జేబు చార ఛాతీ చారతో, భుజం చార చేతి చారతో వియ్యమందేలా కొలిచి మరీ గీసింది. నాలుగున్నరకు ఆ బొమ్మను పాత పేరుతోనే మాడ్‌ల ఫోల్డరులో పెట్టి ఆట తెరిచారు.

వీరుడు ప్రత్యక్షమయ్యాడు. కుట్టు కుట్టుకీ వేలెడు వెడల్పున తెల్లటి పట్టీ!

"ఆస్పత్రి నుంచి పారిపోయొచ్చినట్టున్నాడు! అంచుల్లో రంగెందుకు వెయ్యలేదత్తా?"

"కుట్టుకి వదిలానే. పైగా రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవద్దూ?"

"ఇక్కడ కుట్టే లేదు, అంచుకి అంచు అతుక్కుపోతుంది. వీడు ఒళ్లూ చెయ్యడు!"

"తిండి తినడా?"

"రోజుకి నలభై రొట్టెలు తింటాడు."

"అదృష్టవంతుడు," అని నిట్టూర్చి, అత్త మళ్లీ మౌసు అందుకుంది.

వదిలిన గుడ్డనంతా రంగుతో నింపేసరికి ఐదుకు మూడు నిమిషాలే తక్కువ. ఆట మళ్లీ తెరుచుకుంది.

"చేతులెత్తమను," అంది అత్త.

మేనకోడలు మీట నొక్కింది. వీరుడు ఖడ్గమెత్తాడు. జేబు మీదుగా భుజం దాకా చార ఒక్కచోటా తెగలేదు.

"వెనక్కి తిరగమను."

తిరిగాడు. వీపు మీదా చారలన్నీ కలిశాయి. గడియారం ఐదు కొట్టింది.

"ఇచ్చేశాను," అంది అత్త, కళ్లజోడు తుడుచుకుంటూ. "వాడి వెనకాల నక్కి నక్కి నిలబడ్డాడే, ఆ రాజుగారెవరు? ఆ అంగీ వేసుకుని నలుగురిలోకి ఎలా వచ్చాడో! రేపు పదింటికి రమ్మను."