అక్క కోసం ఇంగ్లీషులో అడిగిన అనుమతి

ఇలా దగ్గరికి జరగండర్రా, చెవి ఇటు పడెయ్యండి. పట్టు పడితే ఉడుమే అనిపించుకున్న ఒకావిడ సంగతి చెబుతాను.

ఒక ఆసుపత్రిలో చిరిగిన దుప్పట్లు బాగుచేసే కుట్టుగది ఉండేది. అక్కడ పనిచేసే ఆవిడను అందరూ సూదమ్మ అనేవారు. ఆవిడ అక్కకు అదే ఆసుపత్రి పై అంతస్తులో రెండు కళ్ళకూ ఆపరేషనై కట్లు కట్టారు. ఆ మహాతల్లి చెల్లెలు తినిపిస్తే తప్ప పెదవి విప్పదు. పొద్దున తిండి ఎనిమిదింటికి వస్తుంది. ఆ వేళకు సూదమ్మ మిషను ముందు ఉండాలి. రెండు రోజులుగా ఖాళీ కడుపున మాత్రలు పడి అక్కకు కళ్ళు తిరుగుతున్నాయి.

పనివేళలో పైకి వెళ్ళాలంటే పెద్ద నర్సమ్మకు ఇంగ్లీషులో చీటీ పెట్టాలి. కుట్టుగదిలో వాళ్ళు ఏం కావలసినా సొరుగులోంచి ఒక పాత చీటీ తీసి, పేరూ పనీ మార్చి చూసి దించేసేవారు. అది ఎప్పుడో ఎవరికో పనిచేసిందని దాన్ని తాయెత్తులా దాచుకున్నారు. సూదమ్మా అదే దించింది.

పెద్ద నర్సమ్మ చదివి మొహం గంటు పెట్టుకుంది. "నేనెప్పుడిచ్చాను నీకు అనుమతి? అడగడం లేదు, వస్తున్నానని నువ్వే చెబుతున్నావు" అని చీటీ తిప్పికొట్టింది.

సూదమ్మ నేరుగా ఫైళ్ళ గది గుమాస్తా దగ్గరికి పోయింది. ఆయన చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పాత చీటీ అడగడానికి రాసింది కాదట, అనుమతి దొరికాక దండాలు పెడుతూ రాసిందట. ‘యాజ్ పర్మిటెడ్ బై యూ’ అంటే మీరు ఒప్పుకున్నట్టుగా అని.

"ఆలూ లేదు చూలూ లేదు, బిడ్డకు పేరు పెట్టేశావు పిన్నీ. ఇలా తే, నేను రాసిస్తాను."

"వద్దు నాయనా. రేపు ఇంకోటి కావలసొస్తే మళ్ళీ నీ గడపే తొక్కాలి. ఎట్లా అడగాలో చెప్పు, నేనే రాసుకుంటాను."

అడిగేటప్పుడు ‘మే ఐ’ అనో, ‘ఐ రిక్వెస్ట్ యువర్ పర్మిషన్ టు’ అనో మొదలుపెట్టమన్నాడు. ఎందుకో, ఎప్పుడో, ఎంతసేపో కూడా రాయమని, వాటికి ఇంగ్లీషు మాటలు చెప్పాడు. మధ్యాహ్నం అన్నం మాని సూదమ్మ కూర్చుంది. మూడు కాగితాలు పాడయ్యాయి. నాలుగోదాంట్లో అక్షరాలు చీమలబారులా వంకరపోయినా, అడగవలసింది అడిగింది: కట్లు విప్పే దాకా నాలుగు రోజులు, ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర వరకు అక్కకు తినిపించి రావచ్చా, ఆ అరగంట పని సాయంత్రం చేస్తాను అని.

పెద్ద నర్సమ్మ బల్లమీద పెట్టి పొమ్మంది. సూదమ్మ కదలలేదు.

"ఇప్పుడే చూడండమ్మా. తెల్లారితే మా అక్క ముందు పళ్ళెం పెట్టి, అట్లాగే తీసుకుపోతారు."

ఆవిడ చూసింది. అరగంట కొట్టేసి ఇరవై నిమిషాలు చేసి, కింద ‘పర్మిటెడ్’ అని రాసి సంతకం పెట్టింది.

మర్నాడు ఎనిమిదింటికి అక్క నోటి దగ్గరికి చెంచా వచ్చింది. "పని ఎగ్గొట్టి వచ్చావా ఏమే?" అంది అక్క.

"అడిగే వచ్చాను. మాట్లాడకుండా తిను, ఇరవై నిమిషాలే ఉంది."

అక్క నోరు తెరిచింది.

ఇది మరిచిపోకండర్రా. అడగడానికి జంకేవాళ్ళు ఎక్కడ కనబడినా, కూర్చోబెట్టి సూదమ్మ సంగతి చెప్పండి.