పారేసే ముందు చూపించాలి

ఈలీ ఊళ్లో ప్రతి గురువారం మధ్యాహ్నం మార్జ్ హోటల్ వెనక గదిలో ఆరుగురు పేకాడతారు. మూడు నెలలుగా ఐదుగురే ఆడుతున్నారు. లోవెల్ పోయాక అతని కుర్చీని ఎవరూ కూర్చోకుండా బల్లకు వాల్చి ఉంచారు. ఇవాళ అందులో అతని భార్య వెర్లా కూర్చుంది.

ఆ బల్లకు ఒక ఆచారం ఉంది. కుర్చీ కావాలన్నవాళ్లకు పందెం కాయడానికి నలభై చిక్కుడు గింజలిస్తారు. మార్జ్ పొయ్యిలోంచి 'ఆపిల్ పై' అనే తీపి రొట్టెను బయటికి తీసేదాకా ఒక్క గింజైనా మిగిలితే కుర్చీ వాళ్లది. మిగలకపోతే వరసలో తర్వాతివాడిది. ఆ తర్వాతివాడు, ఇన్సూరెన్సు ఏజెంటు క్లింట్, అప్పుడే వచ్చి కిటికీ దగ్గర కాపు కాస్తున్నాడు. లోవెల్ కుర్చీలో క్లింట్ కూర్చోవడం వెర్లాకు సుతరామూ ఇష్టం లేదు. నలభై ఏళ్లు గురువారాలను తిట్టిపోసిన మనిషి, ఇప్పుడు గురువారమొస్తే ఇంట్లో ఉండలేకపోతోంది.

"చూడు వెర్లా," అన్నాడు పెద్దాయన రాయిస్, పేక కలుపుతూ. "ఇక్కడ రాజులకీ రాణులకీ దిక్కులేదు. ఏడు ముక్కలొస్తాయి. మొదట రెండు బోర్లా, తర్వాత నాలుగు పైకి, చివరిది మళ్లీ బోర్లా. అందులో అతి చిన్న ఐదు ముక్కలు ఎవరికుంటే వాళ్లదే ఆట. జత పడితే చెడ్డట్టే. ఆసు అన్నిటికంటే చిన్నది. సీక్వెన్సు వచ్చినా పర్లేదు."

"మా అమ్మ ఆడే ఆటలో ఆసు పెద్దదయ్యా. సీక్వెన్సు వస్తే కొంప మునిగినట్టే."

"అది కాన్సాస్ సిటీ ఆటమ్మా. ఇక్కడ మర్చిపో. ఇంకోటి, బోర్లా పారేసిన ముక్కలు చచ్చినట్టే. వెల్లకిలా పెడితే అవే మాట్లాడతాయి, నోటితో ఏమన్నా లెక్కలేదు. ఈలోగా పక్కవాడు నోరెత్తకూడదు."

"కంచం చూపించక్కర్లేదు కదా వెర్లమ్మా?" అన్నాడు డ్వేన్. ఇప్పుడు డిప్యూటీ షెరీఫే గానీ, చిన్నప్పుడు వెర్లా వండిన బడి భోజనం తిని పెరిగినవాడు. తిన్న కంచం తనకు చూపించందే చెత్తబుట్ట దగ్గరికి ఒక్క పిల్లాణ్నీ పోనిచ్చేది కాదావిడ.

"నోర్మూసుకుని ఆడరా," అంది వెర్లా.

గంట తిరిగేసరికి గింజలు తొమ్మిదికి దిగాయి. వంటింట్లోంచి దాల్చినచెక్క వాసన వస్తోంది. క్లింట్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

అప్పుడు పడ్డాయి వెర్లాకు ముక్కలు. బోర్లా ఆసు, నాలుగు. పైకి మొదట రెండు, ఆ వెనకే ఐదు. నాలుగూ చిన్నవే. తర్వాత రాజొచ్చాడు, ఆ తర్వాత రాణి. రాయిస్ దగ్గర పైకి ఆసు, నాలుగు, ఆరు, జాకీ కనిపిస్తున్నాయి. అతను గింజలు ముందుకు తోశాడు. మిగతావాళ్లు ముక్కలు పడేశారు. ఇంకొక్క చిన్న ముక్క చాలనుకుని వెర్లా ఉన్న గింజలన్నీ తోసేసింది.

చివరి ముక్క మూడు.

ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు. వరసగా. అంతే, రాయిస్ చెప్పిందంతా గాలికి పోయింది. వాళ్లమ్మ గొంతే చెవిలో మోగింది: సీక్వెన్సమ్మా, ఇక బల్ల దగ్గర్నుంచి లే.

రాయిస్ తన ముక్కలు తిప్పాడు. "ఆరు, నాలుగు, మూడు, రెండు, ఆసు."

"నీదేలే," అంది వెర్లా. కళ్లు చెమర్చాయి. లోవెల్‌ను రెండోసారి పోగొట్టుకున్నట్టే ఉంది. ముక్కలు పోగుచేసి, పారేసిన పేక మీదికి చెయ్యి చాపింది. ఎవరూ నోరెత్తలేదు. డ్వేన్ మీసం కొరుక్కుంటున్నాడు.

పేక దగ్గర చెయ్యి దానంతటదే ఆగింది. బడి వంటింట్లో ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చూపించకుండా ఆవిడ జన్మలో ఏదీ పారెయ్యనివ్వలేదు, తనూ పారెయ్యలేదు. ఏడు ముక్కలూ వెల్లకిలా పరిచింది.

"ఇవీ నా ముక్కలు. ఇప్పుడు పారేస్తా."

"పారేస్తావా?" రాయిస్ నవ్వు గది దద్దరిల్లేలా వచ్చింది. "వెర్రిదానా, ఈ ఆటలో అంతకంటే చిన్నది లేదు! నలభై ఏళ్లు ఆడాడు లోవెల్, వాడికి ఒక్కసారీ పడలేదు."

వెర్లా ముక్కల్ని వేలితో ఒక్కొక్కటీ తాకి లెక్కపెట్టుకుంది. గింజల కుప్పంతా డ్వేన్ ఆవిడ ముందుకు తోశాడు. క్లింట్ టోపీ పెట్టుకున్నాడు. "ఆపిల్ పై తినిపోవయ్యా," అంది వెర్లా, మనస్ఫూర్తిగానే.

మార్జ్ పళ్లెం నిండా ఆపిల్ పై తెచ్చింది. వెర్లా కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని హాయిగా తింది. కడుపు నిండిందో, మనసే నిండిందో తెలియలేదు.

అందరికంటే ముందు డ్వేన్ ముగించాడు. లేచి వంటింటి వైపు రెండడుగులు వేశాడు. మళ్లీ వెనక్కొచ్చి, ఖాళీ కంచం వెర్లా ముందు వంచి నిలబడ్డాడు.

"వెళ్లు," అంది వెర్లా.