గొలుసు లేని కత్తి

అక్క తల కింద రెండో దిండు సర్దుతూ, మందు ఆమె చేతికి అందేంత దగ్గరలో ఉందో లేదో అతను మళ్ళీ చూసుకున్నాడు. అప్పటికే ఒకసారి చూశాడు. నీళ్ళ సీసా, చేతిగుడ్డ, ఎదురింటావిడను పిలవడానికి మోగించే స్టీలు గిన్నె, అన్నీ ముక్కాలిపీట మీద ఎక్కడివక్కడే ఉన్నాయి.

"కత్తి కొన్నావా?" అంది అక్క. ఊపిరి అందక మాటలు ముక్కలుముక్కలుగా వస్తాయి గానీ వాటి పదును మాత్రం తగ్గలేదు.

"ఇవాళ కొంటానక్కా."

"రేపు తెల్లారితే ప్రయాణం. ఇవాళ కొంటాడట! నెల్లాళ్ళుగా చూస్తున్నావు. అదేమన్నా నీతో కాపురం చేస్తుందా?"

"చవగ్గానూ ఉండాలి, గట్టిగానూ ఉండాలి కదా."

"వెళ్ళాలనుంటే వంటింటి చాకు పట్టుకునైనా వెళ్తావు."

"నువ్వు ఒక్కదానివీ..."

"నా మీద పెట్టకు. నేనెక్కడికీ ఎగిరిపోనులే. రెక్కలుంటే నీకంటే ముందు నేనే పోయేదాన్ని."

అతను నవ్వేసి, కిటికీ సగం తెరిచి, చెప్పులేసుకున్నాడు.

అమ్మానాన్నా పోయాక ఈ అక్కే ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి అతన్ని పెంచింది. ఇప్పుడు అతనికి తల నెరిసింది, ఆమెకు ఊపిరితిత్తులు చెడి మంచం పట్టి ఏళ్ళయింది. అప్పటినుంచి అతను ఒక్క రాత్రి కూడా వేరే చోట పడుకోలేదు. సాయంత్రం గంట కొట్టగానే అటూ ఇటూ చూడకుండా ఇంటికి పోతాడని గోదాంలో అందరూ అతన్ని గోడగడియారం అని పిలుస్తారు. వ్యాన్ డ్రైవరు ఏటేటా నలుగురైదుగురిని పోగేసి కొండ దిగువన ఏటి ఒడ్డుకు తీసుకెళ్తాడు. రెండు రోజులు గుడారంలో ఉంటారు; తాళ్ళు కోయడానికి ఎవరి కత్తి వాళ్ళే తెచ్చుకోవాలి. ఏటేటా ఇతను సరేనంటాడు. తీరా ముందురోజు, "అక్కకి బాగోలేదు" అంటాడు.

అది కొన్నిసార్లు నిజమే. మిగతా సార్లు ఆ మాట గొడుగులా పనికొచ్చింది. అసలు సంగతి ఏమిటంటే అతనికి భయం. ఏరు చూసి, ఆరుబయట పడుకుని, అదంతా బాగుందనిపిస్తే? తిరిగొచ్చాక ఈ మందుల వాసన గదిలో మునుపటిలా ఓపిగ్గా కూర్చోగలడా? వెళ్ళకపోతే ఆ బాధ లేదు. ఇది ఎవరితోనూ అనలేదు. అక్కకు అనకుండానే తెలుసు.

గోదాంలో అతని పని పింగాణీ సామాను వచ్చే అట్టపెట్టెలు విప్పడం. కప్పులూ పళ్ళేలూ పగలకుండా, టేపు మాత్రమే తెగేలా, కత్తి మొనతో గీత గీయాలి. ఎప్పుడో ఎవరో ఒక కత్తి ఇంటికి పట్టుకుపోయారట. ఆ దొంగ ఎవరో తేలలేదు గానీ, అప్పటినుంచి ప్రతి కత్తినీ బల్లకు సన్నటి గొలుసుతో కట్టేశారు. గొలుసు మూరెడు. పెట్టె అంతకంటే పెద్దదైతే కత్తిని లాగకూడదు, పెట్టెనే తిప్పుకోవాలి. అతను పొద్దున్నుంచీ పెట్టెలు తిప్పుతూనే ఉన్నాడు.

భోజనాల వేళ డ్రైవరు వచ్చి బల్ల మీద చరిచాడు.

"ఏమన్నా గడియారం, రేపు వస్తున్నావా, కీ ఇవ్వాలా?"

"వస్తున్నా."

"ఈసారి నిన్ను ఎత్తి వ్యాన్‌లో పడేస్తా, చూస్కో."

అన్నం సగంలో వదిలేసి అతను వీధి మలుపులోని ఇనప సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. కొట్టు నడిపేది కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని కూర్చునే ఒక పెద్దావిడ. అతను నోరు తెరవకముందే అద్దాల పెట్టెలోంచి మడతకత్తులు మూడు తీసి గుడ్డ మీద పరిచింది.

"ఇల్లు కొనేవాళ్ళు కూడా ఇన్నిసార్లు తిరగరండీ," అంది. "ఇవాళైనా తేలుస్తారా?"

మొదటిది అన్నిటికంటే చవక. తెరిస్తే సులువుగా తెరుచుకుంది. మొన మీద కొంచెం ఒత్తగానే అంతే సులువుగా మూసుకోబోయింది. "దీనికి లాకు లేదు," అందావిడ. "పండు కోయడానికి సరే. తాడు కోసేటప్పుడు వేళ్ళ మీద పడుతుంది." రెండోదానికి కత్తెర, స్క్రూడ్రైవరు, మూత తీసేది, ఇంకా పేరు తెలియనివేవో ఉన్నాయి. అరచేతిలో రాయిలా బరువు, ఖరీదు కూడా. మూడోది సాదా కర్రపిడి. తెరిస్తే టక్కున నిలబడింది. పక్కకు కదిపి చూశాడు, కీలు దగ్గర వదులు లేదు.

"ఏటి దగ్గర తడికి తుప్పు పడుతుందా?"

"పట్టదు. తుడిచి మడతపెట్టండి చాలు."

ఆవిడ ఒక తాడు కొస ఇచ్చి కోసి చూడమంది. అతను కత్తిని తనవైపు నుంచి అవతలికి లాగాడు. చెయ్యి మూరెడు దూరం వెళ్ళి దానంతటదే ఆగిపోయింది. తాడు సగమే తెగింది.

"ఏం, మొద్దుగా ఉందా?"

"లేదండీ," అన్నాడు సిగ్గుపడుతూ. మళ్ళీ లాగాడు. ఈసారి చెయ్యి చాపినంత మేరా వెళ్ళింది. తాడు తెగి కింద పడింది. డబ్బులిచ్చి గబగబా బయటికొచ్చాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుర్చీ మంచం పక్కకు జరిగి ఉంది. లేపడం ఇష్టంలేక ఆ కుర్చీలోనే కూర్చుని కత్తి బయటికి తీశాడు. చప్పుడు కాకుండా బొటనవేలు అడ్డుపెట్టి తెరిచాడు, మూశాడు. కళ్ళు తెరవగానే ఏమంటుందో కూడా ఊహించుకున్నాడు. 'ఇంత బుల్లిదానికా నెల్లాళ్ళు?' అంటుంది. అప్పుడు చటుక్కున తెరిచి చూపించాలి. చాలాసేపు అలా తెరుస్తూ మూస్తూ, చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఈసారి వెళ్తాడు. అతనికే నమ్మకం కుదిరింది.

మందు వేళయ్యాక భుజం తట్టాడు. భుజం చల్లగా ఉంది.

అతను స్టీలు గిన్నె మోగిస్తే ఎదురింటావిడ పరుగున వచ్చింది. "మధ్యాహ్నం నేనొచ్చినప్పుడు లేచి కుర్చీలో కూర్చునుంది నాయనా. పడుకోమంటే, పనుంది, నువ్వెళ్ళు అని కసిరింది," అంటూ కళ్ళొత్తుకుంది.

అతను డ్రైవరుకు ఫోన్ చేశాడు. ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ ఉండగానే అవతలినుంచి డ్రైవరు నిట్టూర్చాడు. "తెలుసులే అన్నా. అక్కకి బాగోలేదు, అంతేనా?"

అతను "ఊఁ," అన్నాడు. డ్రైవరు పెట్టేశాడు.

ఎదురింటావిడ నలుగురినీ పిలుచుకురావడానికి వెళ్ళింది. అతను అక్కను వెల్లకిలా తిప్పి దుప్పటి సరిచేయబోతే ఆమె చేతి కింద ఏదో తగిలింది. ఆమె పాత బూడిదరంగు కోటు చేతిభాగం కత్తిరించి కుట్టిన కత్తి ఒర. నడుముకు తగిలించుకోవడానికి పైన పట్టీ కూడా పెట్టింది. పొడవు వంటింటి చాకు పట్టేంత ఉంది. కత్తి మడతపడుతుందని అతను ఆమెకు చెప్పనే లేదు.

జేబులోంచి కత్తి తీసి అందులో వేశాడు. అది జారి అడుక్కి పోయింది. పైన చివరి కుట్టు దగ్గర దారం ఇంకా తెంపలేదు, దాని కొసన సూది వేలాడుతోంది.