బొమ్మలో కనిపించనిది

పెద్ద వరద వచ్చిన ఏడు జరిగిన సంగతి ఇది. నీళ్లు మూడు రోజుల్లో పోయాయి గానీ బురద నెలల తరబడి ఉండిపోయింది. ఊళ్లో మురుగు పైపులన్నీ పూడుకుపోయాయి. పైపుల మేస్త్రీకి ఆ ఏడంతా తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా పనే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, పెట్టింది తిని పడుకునేవాడు. అసలే మాటలు తక్కువ మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు.

ఆయన భార్య ఇంట్లోనే మిషను కుడుతుంది. బడి పిల్లల యూనిఫారాలు కుట్టి దుకాణానికి ఇస్తుంది. ఆ ఏడు ఆమె నిలబడి భోజనం చేయడం మొదలుపెట్టింది. మిషను ముందు ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడేది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆయన చూశాడు, అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆమె బురద మెట్ల మీద కాలు జారి కూలబడింది. దెబ్బ వెన్ను చివరి ఎముకకు తగిలింది. డాక్టర్లు తోక ఎముక అంటారు. మనం ముడ్డిపూస అంటాం. ఆ మాట నలుగురిలో ఎలా అనడమని, ఇరుగుపొరుగు అడిగితే నడుం నొప్పి అంది. నడుముకే మందు రాసుకుంది, ఎనిమిది నెలలు. మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు నొప్పి ఒక చోట ఉంటే మందు ఇంకో చోట రాసుకుంటున్నారో చదివేవారే ఆలోచించాలి.

ఒక రోజు బట్టల మూట కుట్టకుండానే దుకాణానికి తిప్పి పంపింది. ఒప్పుకున్న పని తిప్పి పంపడం ముప్పై ఏళ్లలో అదే మొదలు. అప్పుడు మేస్త్రీ ఆమెను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు. మధ్యలో ఖాళీ ఉన్న దిండు, మాత్రలు, వ్యాయామాలు అన్నీ అయ్యాయి. కొంత తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఆ డాక్టరు పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. తోక ఎముక ముందు ఒక నరాల ముడి ఉంటుందట. ఎక్స్‌రే బొమ్మలో చూసుకుంటూ అక్కడికి సూదిమందు వేస్తే, ఆ నరాలు నొప్పి కబురు మొయ్యడం మానేస్తాయట. తేదీ దొరకడానికి ఏడు వారాలు పట్టింది.

ఆ రోజు ఆమె తమ్ముడు తోడు వచ్చాడు. బస్సు కండక్టరు. కౌంటర్ల దగ్గర ఎలా నెగ్గుకురావాలో తనకే తెలుసని అతని నమ్మకం. ఆసుపత్రిలో ఒక ప్రశ్నల కాగితం ఇస్తే అతనే నింపాడు. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా అన్న చోట కలం ఆగింది. వాడుతోంది. రెండేళ్ల కిందట గుండె లయ తప్పితే, రక్తం గడ్డకట్టకుండా గుండె డాక్టరు రోజూ వేసుకోమన్న మాత్ర అది.

"ఉందని రాస్తే ఇవాళ వెయ్యరు. మళ్లీ ఏడు వారాలు," అన్నాడు అతను.

లేదు అని రాసేశాడు. అక్క తల ఊపింది. ఇంకొక్క రోజు ఆ నొప్పితో మిషను ముందు కూర్చునే ఓపిక ఆమెకు లేదు. డాక్టర్లు అడిగినదానికి అవును, కాదు అంటే చాలని, ఎక్కువ మాట్లాడితే పని చెడుతుందని తమ్ముడు ఇద్దరికీ నేర్పాడు.

"నీతో బెంగలేదులే బావా. నీ నోరు ఎలాగూ తెరుచుకోదుగా."

మేస్త్రీ వాళ్ల వెనకే నడిచాడు.

లోపల డాక్టరమ్మ సూది ఎలా వేస్తుందో చెప్పి, అడగాల్సింది ఏమైనా ఉందా అంది. అక్క లేదంది, తమ్ముడు లేదన్నాడు. మేస్త్రీ చూపు మాత్రం గోడ మీది తెరకు అతుక్కుపోయింది. ఇంకెవరిదో బొమ్మ. వంపు తిరిగిన ఎముక, సన్నటి గీతలా సూది, దాని మొన దగ్గర నల్లగా పాకిన మరక.

"ఆ మరక ఏంటమ్మా?" అని అడిగాడు. బావమరిది బల్ల కింద ఆయన కాలు తొక్కాడు.

అది రంగు మందు అని, ముందు దాన్ని కొంచెం పంపి ఎటు పాకుతుందో చూస్తామని, సరైన చోట పాకితేనే అసలు మందు వేస్తామని ఆమె చెప్పింది. మేస్త్రీ కుర్చీ ముందుకు జరిపాడు. పాత ఇళ్లలో ఏ పైపు ఎటు పోతుందో తెలియనప్పుడు ఆయనా రంగు నీళ్లు పోసి, ఏ మురుగు చాంబరులో తేలతాయో చూసుకున్నాకే గోడ మీద సుత్తి వేస్తాడు. ఇక ఆయన్ను ఆపడం బావమరిది వల్ల కాలేదు.

రంగు పక్కకు పోతే ఏం చేస్తారు? సూది సరిచేస్తాం, కుదరకపోతే తీసేస్తాం, మందు మాత్రం వెయ్యం. సూది ఇంకా ముందుకు పోతే? అక్కడ పెద్దపేగు చివర ఉంటుంది, అందుకే పక్క నుంచి బొమ్మ తీసి లోతు చూస్తాం. కాళ్లు పడిపోతాయంటున్నారు? వెన్నుపాము చాలా పైనే ముగుస్తుంది, అలా జరగడం బహు అరుదు. అసలు ప్రమాదమే లేదని మాత్రం ఆమె అనలేదు. ఎక్కడో ఒకరికి చీము పట్టవచ్చని, రక్తం కారవచ్చని చెప్పింది. కొందరికి నెలల పాటు హాయిగా ఉంటుంది, కొందరికి కొన్ని వారాలే, కొందరికి అసలు గుణం కనిపించదని కూడా చెప్పింది.

మేస్త్రీ తెర వైపు వేలు చూపాడు.

"మరి ఈ బొమ్మలో మీకు కనిపించనిది ఏంటమ్మా?"

డాక్టరమ్మ కుర్చీ పూర్తిగా ఆయన వైపు తిప్పుకుంది.

"ఇలా నన్నెవరూ అడగలేదు," అంది. "ఎముకా సూదీ రంగూ కనిపిస్తాయి. రక్తం పల్చగా ఉందో లేదో కనిపించదు. చక్కెర ఎంతుందో, ఏ మందు ఒంటికి పడదో కూడా కనిపించదు. అవి మీరు చెబితేనే నాకు తెలుస్తాయి. ఆ కాగితం ఇచ్చేది అందుకే."

భార్య ఆయన వైపు చూసింది. వద్దు అన్న చూపు అది. ఏడు వారాలు ఉన్నాయి ఆ చూపులో.

"ఆ కాగితం తప్పు," అన్నాడు మేస్త్రీ. భార్య చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. అట్ట మీది పేరు చదివి, ఇవాళ వెయ్యనంది. అలాగని ఈ మాత్ర మీ అంతట మీరు ఒక్క పూట కూడా మానొద్దు, మానితే గడ్డ కట్టి మెదడుకు పోవచ్చు అంది. ఆపవచ్చో లేదో, ఆపితే ఎన్నాళ్లో గుండె డాక్టరుతో తనే మాట్లాడతానంది. మళ్లీ ఏడు వారాలా అని తమ్ముడు గొణిగాడు.

"రెండు వారాలు. వాయిదా పడినవాళ్లను మేం వరస చివరికి పంపం. అడిగితే చెప్పేవాళ్లంగా," అని ఆమె నిదానంగా అంది. "యంత్రం ఎంత మంచిదైనా సగం కాపలాయే కాస్తుంది. అడగడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం, ఆ మిగతా సగం మీ చేతిలో ఉంది."

తిరుగు బస్సులో భార్య ఆయనతో మాట్లాడలేదు. రెండు రోజులు మాట్లాడలేదు.

గుండె డాక్టరు చెప్పినట్టే చేసి, రెండు వారాల తర్వాత సూది వేశారు. పావుగంట పట్టింది. రంగు పాకాల్సిన చోటే పాకిందని డాక్టరమ్మ బయటికొచ్చి మేస్త్రీకి బొమ్మ చూపించింది. ఈ పూట తిమ్మిరి వల్ల హాయిగా ఉంటుంది, అసలు గుణం కొన్ని రోజులు పోతే గానీ తెలియదని మరీ మరీ చెప్పి, చూసుకోవాల్సిన జాగ్రత్తలు రాసిన చీటీ ఇచ్చింది.

మర్నాడు పొద్దున మేస్త్రీ వెంటనే పనికి వెళ్లలేదు. ఆయన చదువు మూడో తరగతి. ఆ చీటీ పట్టుకుని కూడబలుక్కుంటూ, ఒక్కొక్కటే భార్యను అడిగాడు. జ్వరం ఉందా? కాళ్లు తిమ్మిరా? సూది వేసిన చోట రక్తం కారుతోందా? లేదు, లేదంటూ ఆమె నవ్వింది.

"ఇంకేమైనా ఉందా డాక్టరుగారూ?"

"ఉంది. ఎనిమిది నెలలు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

ఆయన పనివాళ్లకు ఫోను చేసి ఆలస్యమవుతుందన్నాడు. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు అడుగుతున్నాను. పడ్డ రోజు నుంచి చెప్పు."