తగాదా మానిన తమ్ముడు

మా బామ్మర్ది మునివెంకటప్ప ఆవని ఊరి గుళ్లో మొక్కుకున్నాడు. అక్క రక్తపరీక్ష బాగా వచ్చేదాకా ఆమెతో తగాదా పడనని.

ఆ అక్క నా భార్య హనుమక్క. ఆమెది రక్తంలో జబ్బు. తమ్ముడి ఎముక మజ్జ తీసి బెంగళూరు ఆసుపత్రిలో ఆమెకు ఎక్కించారు. ఒక్కోసారి ఇచ్చినవాళ్ల కణాలు పుచ్చుకున్నవాళ్ల ఒంటిమీదే తిరగబడతాయట. ఆ సూచన ఉందో లేదో ముందే చెప్పే పరీక్ష అది. నేను పనిచేసిన బంగారు గనిలో కూడా బండ పేలేలోపే పసిగట్టాలని మిషన్లు పెట్టేవారు.

అక్కాతమ్ముళ్లు కలిస్తే తగాదానే. అందులో పెద్దది సంగటి తగాదా. వాళ్లమ్మ సంగటిలో నూకలు వేసేదని వాడు, ఉత్త రాగిపిండేనని ఈమె. మా పెళ్లినాటి నుంచీ తెగలేదు.

పరీక్షకు పోవాల్సిన రోజు ఆండర్సన్‌పేటలో మా ఇంటిముందు కారు నిలిచింది. మునివెంకటప్ప మాస్కు కట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"ఏమిరా, అమ్మ సంగటిలో నూకలు ఏసేదా?" అంది హనుమక్క, కయ్యానికి కాలు దువ్వుతూ.

"లేదక్కా. ఉత్త పిండే. నువ్వు చెప్పిందే నిజం."

హనుమక్క ముఖం పాలిపోయింది. మంచమ్మీద కూలబడింది.

"డాక్టరు నీతో ఏం చెప్పినాడురా? నేను పోతాండానా?"

"అయ్యో, అట్లేం లేదక్కా!"

"మళ్లీ అక్కా అంటాండాడు, ఎప్పుడూ లేంది! ఇంగ నాకు పరీక్షొద్దు, ఏమొద్దు. నేను రాను." గోడవైపు తిరిగి పడుకుంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. మునివెంకటప్ప నా వైపు చూశాడు.

"తిట్టు," అన్నాను.

"మొక్కుండాది కదా బావా!" అన్నాడు గొంతు తగ్గించి.

"దేవుడితో నేను మాట్లాడతా."

"నువ్వా? మనుషులతోనే మాట్లాడవు కదప్పా నువ్వు!"

అయినా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. వీధంతా వినబడేలా అరిచాడు.

"నూకలు ఏసేది! గంపెడు ఏసేది! సట్టి అడుగు నాకిందానివి నువ్వే, ఇప్పుడు అబద్ధాలు చెప్తాండావు!"

హనుమక్క దిగ్గున లేచింది. "ఎవుర్రా నాకింది? పొయ్యికాడ పిల్లిమాదిరి కూసున్నోడివి నువ్వు!"

ఆమె కళ్లు మెరిశాయి. మాస్కు తగిలించుకుని, తిడుతూనే కారెక్కింది. బెంగళూరుదాకా ఆ తిట్లు ఆగలేదు. రక్తం తీసే పిల్ల, "కాస్త నోరు మూసుకోండమ్మా, చెయ్యి కదులుతాంది," అని బతిమాలింది.

తర్వాత ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. తిరగబడే సూచన తక్కువేనట. అయినా మందులు, పరీక్షలు మానకూడదట.

"చూసినావా! నీ కణాలు నా ముందర నోరెత్తుతాయా?" అంది హనుమక్క.

"నావి మంచివి కాబట్టి ఊరకుండాయి. నీవైతే నన్ను పీక్కుతినేసుండవా?"

మళ్లీ మొదలైంది. నేను వీధిలోకి వచ్చి పగలబడి నవ్వాను. ఎదురింటి గురువమ్మ చేటతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమయిందప్పా? ఒంట్లో బాగుండాదా?"


"బాగుండాది," అన్నాను. "ఆమెకు."