పెళ్ళికూతురి పక్క కుర్చీ

గుడ్రున్ తాడు కొసను బల్ల చివర పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుంది. రెండో కొస టోరా చేతిలో ఉంది. తాడు బిగిస్తే దాని వెంటే పళ్ళేలు పెట్టుకుంటూ పోవచ్చు. ఊరి హాల్లో ఏ విందు జరిగినా అదే పద్ధతి. ఒక్క పళ్ళెం వేలెడు పక్కకు జరిగినా ఆ చివర కూర్చున్నవాళ్ళకు వరుసంతా వంకరగా కనిపిస్తుంది.

"గట్టిగా లాగు వదినా! ఇది పెళ్ళి బల్లా, పాము పాకిన దారా?"

టోరా ఉలిక్కిపడి లాగింది. ఆమె చూపు తాడు మీద లేదు. వంటగది తలుపు పక్కన, వరుస చివర, చేతుల కుర్చీ ముందున్న పళ్ళెం మీద ఉంది. ఆ పళ్ళెం మీద పేరు చీటీ ఇంకా పెట్టలేదు. అది ఆమె వంటగుడ్డ జేబులోనే ఉంది. దాని మీద ఆమె భర్త పేరు, ఐనర్ అని రాసి ఉంది.

బల్లలు గుర్రపు నాడాలా వేశారు. రెండు పక్కలా పొడుగు వరుసలు, వాటి తలాపున అడ్డంగా పెద్దబల్ల. పెద్దబల్ల నడిమధ్య పెళ్ళికొడుకు యెప్పె, అతనికి కుడివైపు పెళ్ళికూతురు మారెన్. పద్ధతి ప్రకారం ఆమెకు కుడివైపు ఆమె తండ్రి ఐనర్. ఆయనకు కుడివైపు వియ్యపురాలు బోడిల్. ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒకరి పక్కన ఒకరు. మగవాడు తన కుడివైపున్న ఆడమనిషికి వైన్ పోస్తూ, మాట కలుపుతూ, ఆమె బాగోగులు చూసుకోవాలి. టోరా తల్లి పెళ్ళిలోనూ అంతే, టోరా పెళ్ళిలోనూ అంతే.

ఐనర్‌కు కుడి చెయ్యి లేవదు. కిందటి శీతాకాలం ఆవుల కొట్టంలో పడిపోయినప్పటి నుంచి అది ఒళ్ళో పెట్టుకున్న మూటలా ఉంటోంది. చెయ్యి ఒక్కటే అయితే టోరా ఇంత దిగులు పడేది కాదు. మాట కూడా పోయింది. అన్నీ పోగా మిగిలింది ఒక్క మాటే, అదీ తిట్టు. ఆవు పొట్టలో తన్నినా ఏనాడూ తిట్టని మనిషి ఇప్పుడు ఏం చెప్పబోయినా "సైతాను!" అనే మాటే బయటికొస్తుంది. ఈస్టర్ నాడు పాస్టరుగారు కాఫీకి వచ్చినప్పుడు, చక్కెర అందించబోయి ఆయన మొహం మీదే అన్నాడు. పాస్టరుగారు నవ్వి ఊరుకున్నారు. టోరా మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

పెళ్ళి విందులో మొదట లేచి మాట్లాడవలసింది పెళ్ళికూతురి తండ్రి. ఆయన గ్లాసు మీద చెంచాతో కొట్టి, లేచి మాట్లాడి కూర్చునే దాకా ఇంకెవరూ లేవరు. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఆ నిశ్శబ్దంలోకి ఆ మాట వచ్చి పడితే? అందుకే టోరా తన అన్న విల్లాడ్స్‌తో చాటుగా మాట్లాడుకుంది. పెద్దబల్ల దగ్గర అతను కూర్చుంటాడు, అతనే మాట్లాడతాడు. ఐనర్‌కు వంటగది పక్కన చేతుల కుర్చీ సౌకర్యంగా ఉంటుంది. ఇంకా ఆయనకు చెప్పలేదు. మారెన్‌కూ చెప్పలేదు.

గుడ్రున్ బీచ్ చెట్టు కొమ్మల బుట్ట తెచ్చి, లేత ఆకులను బల్ల నడుమ బారుగా పరవసాగింది. ఆకులు నిన్న విచ్చుకున్నట్టు మెత్తగా ఉన్నాయి. టోరా వాటి మధ్య కొవ్వొత్తులు నిలబెట్టి, రెండేసి పళ్ళేలకు ఒక కాగితం జెండా గుచ్చుతూ వచ్చింది. రెండు బల్లలు కలిసిన చోట ఎత్తుపల్లం తెలియకుండా కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

పెద్దబల్ల ఇనప కాళ్ళు తుప్పు పట్టి ఉన్నాయి. అవి కనబడకూడదని గుడ్రున్ రెండు తెల్లటి నేత గుడ్డలను కలిపి కుట్టి, ముందువైపు నేలను తాకేలా వేసింది. వంగి దాని కుచ్చెళ్ళు సర్దుతూ, ఉన్నట్టుండి ఆగింది.

"వదినా, పొద్దున ఈ గుడ్డ కత్తిరించమని గోల చేశావు."

"ఏమో, చేశానేమో."

"చేశానేమో కాదు. గోడవైపు దారి ఇరుకు, అన్నయ్య ముందునుంచే నడిచి వస్తాడు, కర్ర చిక్కుకుని పడతాడు అన్నావు. ఇప్పుడు చూస్తే ఆ ఊసే ఎత్తవు." గుడ్రున్ మోకాళ్ళ మీదే ఉండి తలెత్తి చూసింది. "మా అన్నయ్య ఇటు రావడం లేదన్నమాట. ఎక్కడ కూర్చోబెడుతున్నావ్?"

టోరా జెండా గుచ్చబోయి వేలు గుచ్చుకుంది.

"ఆ తలుపు దగ్గరా?" గుడ్రున్ చేతుల కుర్చీ వైపు చూసింది. "బంగాళాదుంపల పళ్ళెం తెచ్చేవాళ్ళు రాసుకుంటూ పోయే చోటా? కూతురి పెళ్ళిలోనా?"

"నీకేం, ఆదివారం వచ్చి చూసి పోతావు. రోజూ ఆ మాట వినేది నేను. నలుగురూ నవ్వితే ఆయన తట్టుకోగలడా?"

"ఆయనా, నువ్వా?"

టోరా వంటగుడ్డ జేబులో చెయ్యి పెట్టింది. చీటీ తీసి వరుస చివరి పళ్ళెం మీద పెట్టేసింది. విల్లాడ్స్ చీటీ పెళ్ళికూతురి పక్కన పెట్టింది. గుడ్రున్ నడుం పట్టుకుని లేచి, వెళ్ళి వాటిని మార్చేసింది. టోరా మళ్ళీ మార్చింది.

"ఇంకోసారి ముట్టుకున్నావంటే చూడు!"

"ఏం చేస్తావ్? నన్నూ తలుపు దగ్గర కూర్చోబెడతావా?"

అప్పుడే బయట కారు ఆగింది. తలుపు తోసుకుని బోడిల్ వచ్చింది. ఒక చేతిలో పూల బకెట్టు, రెండో చెయ్యి ఐనర్ మోచేతి కింద. ఆయన నల్లకోటు వేసుకున్నాడు. గడ్డం గీసుకోవడంలో చెంప మీద చిన్న గాటు పడింది.

"వదినగారూ, మీ ఇంటి ముందు నుంచే వస్తున్నా. ఈయన గేటు దగ్గర కర్రతో నిలబడి ఉన్నారు. పెళ్ళికి నడిచి పోయేలా ఉన్నారని ఎక్కించుకొచ్చా!"

టోరా చప్పున పెద్దబల్ల మీది చీటీ వైపు చూసింది. గంట తరువాత పక్కింటివాళ్ళు ఆయన్ను చర్చికి తీసుకెళ్ళాలి. ఇక్కడికి రాకూడదు.

ఐనర్ పెద్దబల్ల వైపు నడిచాడు. కర్ర టక్కు, కాలు ఈడ్పు, మళ్ళీ కర్ర టక్కు. నేలను తాకే గుడ్డ దగ్గర ఆగి, దాన్ని కర్రతో సుతారంగా పక్కకు తోసి దాటాడు. కూతురి చీటీ చూశాడు. దాని పక్క చీటీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"సై..." అన్నాడు. పళ్ళు బిగించి మింగేశాడు.

"ఏమండీ, అక్కడ గాలి కొడుతుందని..." అంది టోరా. ఆ మాట తన చెవికే చప్పగా వినిపించింది.

ఐనర్ ఎడమ చేత్తో విల్లాడ్స్ చీటీ తీసి, భార్య చేతిలో పెట్టాడు. కోపంగా పెట్టలేదు. పెట్టి, కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు.

బోడిల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బకెట్టు దించి, తన చీటీ ఉన్న చోటు వెతుక్కుంది. "నా పక్క మగమనిషి ఈయనేగా? పద్ధతి అదేగా?"

"ఆయన మీకు వైన్ పోయలేరు వదినగారూ," అంది టోరా. "మాంసం కోసుకోలేరు. గ్లాసు మీ మీద ఒలకబోస్తారు. మాట్లాడబోతే..."

"వైన్ నేను పోసుకోలేనా? మా ఆయన ముప్పై ఏళ్ళుగా నా గ్లాసు ఖాళీ అయిందని చూసిన పాపాన పోలేదు. ఈయనకూ నేనే పోస్తా."

గుడ్రున్ మొహం తిప్పుకుని కొమ్మలు సర్దింది. టోరా వెళ్ళి ఐనర్ చీటీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. చీటీ నిలబడలేదు. రెండోసారి పెట్టింది.

సాయంత్రానికి హాలు నిండింది. చేపలు వచ్చాయి, పళ్ళేలు ఖాళీ అయ్యాయి. టోరా పెద్దబల్ల దగ్గరే యెప్పె అవతల, అతని తండ్రి పక్కన కూర్చుంది. విల్లాడ్స్ వరుసలోంచి ఆమె వైపు చూసి కనుబొమ్మ ఎత్తాడు. లేవనా? ఆమె తల ఊపేలోపే గ్లాసు మీద చెంచా టింగుమంది.

ఐనర్ బల్ల అంచు పట్టుకుని లేస్తున్నాడు. మారెన్ చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తల ఊపాడు. నిలబడ్డాడు. కుర్చీల చప్పుడు ఆగింది. అవతల వంటగదిలో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

ఆయన నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. మెడ నరం ఉబ్బింది.

"సై..."

టోరా కళ్ళు మూసుకుంది. బల్ల గుడ్డను గుప్పెట్లో బిగించింది. పాస్టరుగారు, యెప్పె వైపు చుట్టాలు, పట్నం నుంచి వచ్చిన మారెన్ స్నేహితులు, అందరూ వింటున్నారు. మాట రాలేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

అప్పుడు చెక్క నేల మీద ధన్ మని చప్పుడైంది.

టోరా కళ్ళు తెరిచింది. ఐనర్ బాగున్న కాలితో నేలను తన్నాడు. మళ్ళీ తన్నాడు. బోడిల్ పకపకా నవ్వి తనూ రెండు కాళ్ళతో నేలను తన్నింది. ఆ వెంటనే గుడ్రున్, విల్లాడ్స్, వరుసలు వరుసలే అందుకున్నాయి. హాలంతా ధనధనలాడింది. అతిథులు కాళ్ళతో నేలను మోగిస్తే కొత్త దంపతులు బల్ల కింద దూరి ముద్దు పెట్టుకోవలసిందే. తప్పించుకునే వీల్లేదు. మారెన్ నవ్వుతూ గౌను మడిచి పట్టుకుంది, యెప్పె మొహం ఎర్రబడింది. ఇద్దరూ బల్ల కింద మాయమయ్యారు. నేలను తాకే తెల్లటి గుడ్డ వాళ్ళను పూర్తిగా దాచేసింది. గ్లాసులు గలగలమన్నాయి, కొవ్వొత్తులు ఊగాయి.

ఆ గోలలో ఐనర్ కూర్చుని, ఎడమ చేత్తో బల్ల పట్టుకుని కిందికి వంగడం ఒక్క టోరాయే చూసింది. తనూ వంగింది. తనవైపు గుడ్డ అంచు ఎత్తింది.

కింద మసక చీకటి. యెప్పె పక్కకు ఒదిగాడు. మారెన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఐనర్ తల ఆమె తలకు ఆనుకుని ఉంది.

"సైతాను," అన్నాడాయన. పసిపిల్లను నిద్రపుచ్చేటప్పుడు అన్నంత మెల్లగా. "సైతాను... సైతాను."

"తెలుసు నాన్నా," అంది మారెన్. ఆమె చెంపల మీద రంగు కరిగింది. "తెలుసు. నాకూ అంతే."

టోరా గుడ్డ వదిలి పైకి లేచింది. హాలు ఇంకా కాళ్ళతో మోగిస్తూనే ఉంది. పాస్టరుగారు కూడా. ఐనర్ కొంచెం ఆయాసపడుతూ నిటారుగా కూర్చున్నాడు. బోడిల్ ఆయన గ్లాసు నింపి, తనది నింపుకుంది.

"మీ మాట అయిందా వియ్యంకుడుగారూ?" అడిగింది.

ఐనర్ అయిందన్నట్టు తల ఊపి, గ్లాసు ఎత్తి రెండు కుర్చీల అవతలున్న భార్య వైపు చూశాడు. టోరా తన గ్లాసు అందుకోబోయింది. అరచేతిలో బల్ల గుడ్డ ముడతలు ఇంకా అచ్చుపడి ఉన్నాయి. ఆ చేత్తోనే గ్లాసు ఎత్తింది.

విల్లాడ్స్ మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. వరుసలో తరువాత మాట్లాడవలసిన యెప్పె తండ్రి గొంతు సవరించుకుని, గ్లాసు మీద చెంచాతో కొట్టాడు.